నది దాటితే నేరమయ్యే యంత్రం

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజమండ్రి. చాలా ఏళ్లుగా న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటున్నాం. మా నాన్నగారికి కోటగుమ్మం దగ్గర గడియారాల రిపేరు కొట్టు ఉండేది. అందుకేనేమో చిన్నప్పటి నుంచీ పళ్లచక్రాలూ స్ప్రింగులూ అంటే ప్రాణం. పక్కనే పెన్సిల్వేనియాలో ఒక పెద్దాయన పోయారు. పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. అందులో మిల్స్ కంపెనీ స్లాట్ మెషిన్ ఒకటుంది. నల్లటి ముఖం మీద ఎర్రటి చెర్రీ పళ్లు, అయిదు సెంట్ల నికెల్ వేసి హ్యాండిల్ లాగే రకం. వాళ్లు దాన్ని 'బ్లాక్ చెర్రీ' అంటున్నారు. 1,800 డాలర్లు చెప్పారు. మా ఆవిడేమో జూదం పెట్టెని గడప దాటనివ్వనంటోంది. రెండు మూడేళ్లలో హైదరాబాదు వచ్చేద్దామని అనుకుంటున్నాం, అప్పుడు వెంట తెచ్చుకోవచ్చా? అసలు కొనమంటారా? కొంటే ఏమేం చూసుకోవాలి?

జవాబు: ఇది మాత్రం కొనకండి. ధర ఎక్కువని కాదు. పనిచేసే స్థితిలో ఉన్న ఆ కాలపు మిల్స్ యంత్రాలు వెయ్యి, రెండు వేల డాలర్ల మధ్య మామూలుగానే చేతులు మారుతుంటాయి. మీ ఆవిడ వద్దన్నారని కూడా కాదు, ఆవిడ మాట దగ్గరికి తర్వాత వస్తాను. వద్దనడానికి కారణం మీ ఇంటి చిరునామా.

అమెరికాలో పాత స్లాట్ మెషిన్ ఇంట్లో పెట్టుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పెన్సిల్వేనియాలో అయితే, యంత్రం తయారై 25 ఏళ్లు దాటితే దాన్ని పురాతన వస్తువు కింద లెక్కేస్తారు. కాలిఫోర్నియాలోనూ 25 ఏళ్లే. ఫ్లోరిడాలో 20 ఏళ్లు చాలు. మీ న్యూజెర్సీలో మాత్రం ఏళ్ల లెక్క లేదు, తేదీ ఉంది: 1941కి ముందు తయారై ఉండాలి. బ్లాక్ చెర్రీ యుద్ధం ముగిసే వేళకి, 1945 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది. ఎనభై ఏళ్ల యంత్రమైనా సరే, మీ రాష్ట్ర చట్టం దృష్టిలో అది పురాతన వస్తువు కాదు, ఒట్టి జూదపు పరికరం. డెలవేర్ నదికి అవతల ఆ పెద్దాయన హాల్లో అది నిశ్చింతగా ఉండవచ్చు. వంతెన దాటించి మీ గరాజులో దించితే మీరు ముద్దాయి.

ఇంకో మెలిక ఉంది. 1951లో వచ్చిన జాన్సన్ చట్టం ప్రకారం జూదపు యంత్రాన్ని, అది చెల్లని రాష్ట్రానికి సరిహద్దు దాటించి తీసుకెళ్లడం ఫెడరల్ నేరం. అంటే మీ రాష్ట్ర చట్టం ఒకటి, దేశపు చట్టం ఒకటి, రెండూ ఒకే కారు ప్రయాణంలో తగులుతాయి. ఈ యంత్రాలు అమ్మేవాళ్లలో చాలామంది 'అంత పాతదాన్ని ఎవరు పట్టించుకుంటారండీ' అంటారు. నిజమే, మీ ఇంటికొచ్చి బేస్‌మెంట్ తలుపు తట్టేవాళ్లు ఎవరూ ఉండరేమో. కానీ రేపు మీరే దాన్ని అమ్మాలన్నా, ఇన్సూరెన్స్‌లో చూపించాలన్నా అది చెల్లదన్న సంగతే అడ్డమొస్తుంది. పైగా మీరు వలస వచ్చినవారు. వీసా మీదున్నా, గ్రీన్ కార్డు మీదున్నా సరదా కోసం కేసు తెచ్చిపెట్టుకునే స్థితి కాదు.

1941కి ముందువైతే మీకు మినహాయింపు ఉందని చెప్పాను గదా, దానికి కూడా ఒక షరతుంది. న్యూజెర్సీలోనూ పెన్సిల్వేనియాలోనూ అది ముందుగా చేతికిచ్చే పర్మిట్ కాదు. ఎవరైనా కేసు పెడితే, 'ఇది ఫలానా ఏడాదికి ముందుది, దీంతో నేను జూదం ఆడించలేదు' అని చూపించుకునే బాధ్యత మీది. కాబట్టి యంత్రంతోపాటు దాని వయసుకు రుజువు కూడా కొనుక్కోవాలి. సీరియల్ నంబరు, మోడల్, తయారైన ఏడాది రాసి సంతకం పెట్టిన రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి. మీ రాష్ట్ర చట్టపు ప్రస్తుత పాఠాన్ని ఒకసారి లాయరు చేత చదివించుకోండి. 1,800 డాలర్లు పెట్టేవారికి అదొక పెద్ద ఖర్చు కాదు.

చట్టాలకి ఇంత పట్టుదల ఎందుకంటే, ఒకప్పుడు ఈ పెట్టెలు చేసిన అల్లరి అలాంటిది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఛార్లెస్ ఫే అనే మెకానిక్ 1890లలో మూడు రీళ్ల (బొమ్మలతో తిరిగే చక్రాల) 'లిబర్టీ బెల్' తయారుచేశాడు. తర్వాత షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ ఆ పద్ధతిని అందుకుని దేశమంతా నింపేసింది. పోలీసులు పట్టుకోవడం మొదలుపెట్టాక తయారీదారులు పక్కన చూయింగ్ గమ్ ఇచ్చే గొట్టం తగిలించి, 'ఇది జూదం కాదు బాబూ, గమ్ అమ్మే పెట్టె' అని వాదించారు. రీళ్ల మీద చెర్రీ, నారింజ, ప్లమ్ బొమ్మలు వచ్చింది ఆ గమ్ రుచుల పేరు చెప్పుకునే. 1934లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా ఫొటోగ్రాఫర్ల ముందు తానే సమ్మెట పట్టి వీటిని పగలగొట్టి, పడవలకెత్తి నీళ్లలో పారబోయించాడు. ఇలా ఊరూరా పగలగా మిగిలినవే ఇప్పుడు జనం బేస్‌మెంట్లలో దొరుకుతున్నాయి.

సరే, న్యూజెర్సీలో ఉంటూ ఏది కొనవచ్చు? 1931లో వచ్చిన మిల్స్ 'వార్ ఈగిల్' ఉంది, ముఖం నిండా రెక్కలు చాచిన గద్ద. 1933 నాటి 'కాజిల్ ఫ్రంట్' ఉంది. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 1935 నాటి వాట్లింగ్ కంపెనీ వాళ్ల 'రోల్-ఎ-టాప్'. దాని ముఖం మీద నాణేలు ఒలికిపోతున్న కొమ్ము బొమ్మ ఉంటుంది, సేకరించేవాళ్లు ఎగబడతారు కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది. జెన్నింగ్స్ కంపెనీ వాళ్ల 'చీఫ్' యంత్రాలు అందంగా ఉంటాయి గానీ, ఆ వరుస యుద్ధానికి ముందూ వెనకా కూడా నడిచింది. పేరు విని మోసపోవద్దు, నంబరు చూడాలి. నన్నడిగితే వార్ ఈగిల్ దగ్గరే ఆగండి. లోపలి యంత్రాంగం మీ బ్లాక్ చెర్రీలో ఉన్న తరహాదే. విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేయడం తెలిసినవాళ్లు ఉన్నారు.

అసలు చిక్కు నకిలీలతో కాదు, అతుకులతో. ఈ యంత్రాలు కొట్లలో, క్లబ్బుల్లో సంపాదించిపెట్టే సరుకు. ఒకదాని ముఖం పాతబడితే యజమాని కొత్త ముఖం బిగించేవాడు. ఒకదాని లోపలి భాగం చెడితే ఇంకోదాంట్లోంచి పీకి పెట్టేవాడు. ఆ పైన ఇప్పటి మార్కెట్ ఉంది: కొత్తగా పోతపోసిన ముఖాలు, కొత్త రీలు కాగితాలు, కొత్త బహుమతి పట్టికలు అన్నీ దొరుకుతాయి. 1931 నాటి గద్ద ముఖం వెనకాల 1946 నాటి యంత్రం కూర్చుని ఉండవచ్చు, అప్పుడు మీ రాష్ట్రంలో దాని వయసెంత? నంబరు ఒకచోట చూసి ఊరుకోకుండా చెక్క పెట్టె మీద, లోపలి యంత్రం మీద, ఎక్కడెక్కడ గుద్ది ఉంటే అక్కడల్లా చూసి అవి కలుస్తున్నాయో లేదో సరిపోల్చుకోమనేది అందుకే. ముఖం మరీ తళతళలాడుతుంటే నాకు అనుమానమే. పాత రంగు గీకేసి, పాలిష్ పట్టి, క్రోమ్ వేయించినదానికంటే అంచుల్లో రంగు అరిగిపోయి, నాణేలు పడేచోట గీతలు పడ్డది మేలు. కొనేవాళ్లు కూడా దానికే ఎక్కువ ఇస్తారు.

ఇప్పుడు మీకు నచ్చే భాగం. వెనక తలుపు తాళం తీస్తే లోపలి యంత్రమంతా ఒకే ముక్కగా బయటికి లాగే వీలుంటుంది. తాళంచెవి లేదంటే ధర తగ్గించమనండి, అప్పుడు తాళాన్ని డ్రిల్లు పెట్టి తీయించడం మీ పనవుతుంది. లోపల కరెంటన్నది లేదు. మోటారు లేదు, తీగ లేదు. నాణెం పడితే హ్యాండిల్‌కి వేసిన అడ్డు తొలగుతుంది. మీ చెయ్యి లాగిన బలమే స్ప్రింగుల్లోకి ఎక్కి మూడు రీళ్లనీ ఒక్క తన్ను తన్ని తిప్పుతుంది. పక్కన చిన్న గడియారం యంత్రం ఉంటుంది, దాని చివర రెక్కల ఫ్యాను బర్రుమని తిరుగుతూ వేగాన్ని అదుపు చేస్తుంది. అది తిరిగే కొద్దీ మూడు ఆపుడు కడ్డీల్ని ఒకదాని తర్వాత ఒకదాన్ని వదులుతుంది. ఒక్కోటీ పోయి తన రీలు పక్కనున్న నక్షత్రంలాంటి పళ్లచక్రం గాట్లో పడుతుంది: టక్, టక్, టక్. ఎడమ నుంచి కుడికి.

మీ నాన్నగారైతే దీని తర్వాతి భాగం దగ్గర కూర్చుండిపోయేవారు. ఒక్కో రీలుకి అంటుకుని ఒక బిళ్ల తిరుగుతుంటుంది, దానికి రంధ్రాలుంటాయి. రీళ్లు ఆగగానే సన్నటి వేళ్లలాంటి కడ్డీలు వచ్చి ఆ బిళ్లల్ని తడిమి చూస్తాయి. మూడింటిలోనూ రంధ్రం ఎదురైతే కడ్డీలు లోపలికి దిగుతాయి, దిగితే కింద దానికి సంబంధించిన పలక జరుగుతుంది. నాణేల గొట్టం అడుగున ఉండే ఆ పలకలు ఎన్ని జరిగితే అంత లెక్కన నాణేలు కింది గిన్నెలో గలగలమని పడతాయి. రంధ్రం లేకపోతే కడ్డీలు ఆగిపోతాయి, మీ నికెల్ పోయినట్టే. తొంభై ఏళ్ల కిందట రేకుముక్కలతో 'ఇదీ, ఇదీ, ఇదీ కలిస్తే ఇంత ఇవ్వు' అనే తర్కాన్ని కట్టారు.

మిల్స్ వాళ్ల ఆ తరం యంత్రాలకి పైన ఒక కిటికీ ఉంటుంది, వేసిన నాణేలు ఒకదాని వెనక ఒకటి అందులో వరసగా కదులుతూ కనిపిస్తాయి. దాన్ని ఎస్కలేటర్ అంటారు. సోకు కోసం పెట్టింది కాదది. నాణేనికి బదులు రేకుబిళ్ల, వాషరు వేసి ఆడేవాడు కొట్టువాడి కంటికి దొరికిపోవాలని పెట్టారు. కొనేటప్పుడు ఆ కిటికీలోకి టార్చి వేసి చూడండి. నాణేలు కదలకుండా ఇరుక్కుని ఉంటే, ఎవరో ఒకరు వంగిన నాణెం వేసి బలవంతాన హ్యాండిల్ లాగారన్నమాట.

పరీక్షించే పద్ధతి సులువే. నాణెం వేసి హ్యాండిల్ మెల్లగా చివరిదాకా లాగి వదిలెయ్యండి. బిగిసిపోతే అక్కడే ఆపండి, ఇంకాస్త బలం పెట్టారా లోపల ఏదో విరుగుతుంది. రీళ్లు ఆగే చప్పుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండాలి. రెండు రీళ్లు ఒకేసారి ఆగినా, ఫ్యాను కూతపెట్టి మధ్యలో నిలిచిపోయినా ఎక్కువసార్లు కారణం ఒకటే, ఎండి జిగురైపోయిన పాత నూనె. అది జబ్బేమీ కాదు, విప్పి కడిగి పలచటి గడియారం నూనె చుక్క వేస్తే పోతుంది, ఆ పని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. డబ్బా స్ప్రే మాత్రం లోపలంతా కొట్టకండి. రెండు రోజులు హాయిగా తిరిగి, దుమ్మంతా పట్టుకుని, ఆర్నెల్లలో ముందుకంటే అధ్వానంగా బిగుస్తుంది. భయపడాల్సింది నాసిరకం జింకు మిశ్రమంతో పోసిన భాగాలకి. దాన్ని పాట్ మెటల్ అంటారు. సన్నటి పగుళ్లు, ఉబ్బు, పొడిపొడిగా రాలడం కనిపిస్తే అది అతికేది కాదు, కొత్తది చేయించాల్సిందే.

మోసుకెళ్లేటప్పుడు హ్యాండిల్ పట్టుకుని ఎత్తకండి. మొత్తం ముప్పై, నలభై కిలోలు తూగుతుంది. లోపలి యంత్రాన్ని తీసి వేరే పెట్టెలో సర్దితే ఒక్కరే రెండు విడతల్లో దించుకోవచ్చు.

నికెల్ యంత్రమే తీసుకోమని చెప్పడానికి ఒక కారణముంది. అమెరికా నికెల్ వెడల్పు 1883 నుంచీ మారలేదు, 21.2 మిల్లీమీటర్లు. 1931 నాటి యంత్రంలో ఈ ఉదయం కాఫీ కొట్టులో వచ్చిన చిల్లర వేసినా నడుస్తుంది. గొట్టం అడుగున అడవిదున్న బొమ్మ ఉన్న పాత బఫెలో నికెళ్లు దొరికితే అవి అమ్మినవాడి కానుక అనుకోండి. పాతిక సెంట్ల యంత్రాలు కొనేవాళ్లు కూడా ఇలాంటి ఆశతోనే ముందు నాణేల పెట్టె తీసి చూస్తారు, 1965కి ముందు ముద్రించిన క్వార్టర్లలో 90 శాతం వెండి.

ఇక మీ ఆవిడ సంగతి. ఇనుము, అల్యూమినియం ఇంటికి అరిష్టం తెస్తాయని నేను నమ్మను. కానీ జూదం పెట్టె అని ఆవిడ అన్న మాటలో తప్పేమీ లేదు, అది జూదం పెట్టే. ఒక్కో రీలు మీద 20 గుర్తులు, మూడు రీళ్లకి 8,000 కలయికలు. ఒక్కో రీలుకి ఒక్కటే 'బార్' గుర్తున్న యంత్రంలో మూడు బార్లూ కలవడం ఎనిమిది వేలకి ఒకటి. కొట్టువాడికి లాభం రావడానికే దాన్ని కట్టారు. పైగా మన ఇళ్లలో దీపావళి రాత్రి పేకాట సంగతి తెలిసిందే. వచ్చిన నలుగురూ ఎవరి డబ్బు వాళ్లు వేసి హ్యాండిల్ లాగడం మొదలుపెడితే, 'దీంతో జూదం ఆడించలేదు' అని చెప్పుకునే మీ ఒకే ఒక్క ఆధారం ఆ రాత్రే పోతుంది. కొన్నా సరే, పక్కన మీ ఇంటి నికెళ్లే ఒక గిన్నెలో పెట్టండి. ఎవరైనా అందులోంచే తీసి ఆడాలి, పడ్డవన్నీ మళ్లీ అందులోకే. ఈ కట్టుబాటుకి మీరు ఒప్పుకున్నారని ముందు ఆవిడకి చెప్పి చూడండి. పిల్లల ముందు వెనక తలుపు తీసి, గెలుపు ఎందుకు అరుదో ఆ రంధ్రాల బిళ్లల్లో చూపిస్తే ఆవిడ సగం మెత్తబడతారని నా అంచనా.

హైదరాబాదుకి తేవడం గురించి మాత్రం ఆలోచించకండి. 1974 నాటి గేమింగ్ చట్టం తెలంగాణలో అమల్లో ఉంది, ఆంధ్రాలోనూ అదే. జూదపు పరికరం దొరికితే దాన్నే సాక్ష్యంగా పట్టుకునే తరహా చట్టమది. మన దేశంలో స్లాట్ మెషిన్లకి తలుపు తెరిచింది గోవా లాంటి ఒకటి రెండు చోట్లే. అక్కడ కూడా 1992లో చట్టాన్ని సవరించి, అయిదు నక్షత్రాల హోటళ్లలో పెట్టుకోనిచ్చారు, ఇళ్లలో కాదు. కస్టమ్స్ హాల్లో ఆ పెట్టె ఏమిటో, ఎందుకో వివరిస్తూ నిలబడే ఓపిక మీకుందా? తిరిగి వచ్చే ఆలోచన గట్టిదైతే, రెండు మూడేళ్ల తర్వాత అక్కడే అమ్మేసి రావాలన్న లెక్కతో కొనండి. ఆ లెక్కకి కూడా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న వార్ ఈగిలే నయం.

మీ కోరిక యంత్రాంగం మీదే అయితే జూదంతో పనిలేని నాణేల యంత్రాలు కావలసినన్ని ఉన్నాయి. ఒక సెంటు వేస్తే బరువు చెప్పే తూకం యంత్రాలు, గమ్ ఉండలు ఇచ్చే గాజు బుర్రల పెట్టెలు, చేతిబలం చూసేవి. పిడి తిప్పుతుంటే బొమ్మల అట్టలు గిరగిరా తిరిగి సినిమాలా కనిపించే మ్యూటోస్కోప్ ఉంది, 1890ల నాటి సరుకు. వీటి విషయంలో ఏ రాష్ట్రమూ మిమ్మల్ని ఏడాది అడగదు. కౌంటరు మీద పెట్టుకునే చిన్న యంత్రాలు కొన్ని అమాయకంగా కనిపిస్తాయి గానీ, ట్రేడ్ స్టిమ్యులేటర్ (గెలిస్తే కొట్లో సరుకు ఇచ్చే పెట్టె) అనే మాట వినబడితే ఆగి చూడండి, చాలావరకు అవి కూడా జూదమే. మీకు గంటలోపు దూరంలో ఏస్బరీ పార్క్ బోర్డ్‌వాక్ మీద సిల్వర్‌బాల్ ఉంది, పాత పిన్‌బాల్ యంత్రాలన్నీ ఆడుకోవచ్చు. ఎప్పుడైనా శాన్ ఫ్రాన్సిస్కో వెళితే ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర మ్యూజే మెకానిక్ వదలొద్దు. వందల యంత్రాలు, ఇప్పటికీ చిల్లర వేస్తే నడుస్తాయి.

హైదరాబాదు వచ్చాక అయితే నేనొకటి చెబుతాను. మన రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండే తూకం యంత్రం వెతకండి. ఎక్కి నిలబడితే రంగు దీపాలు మిణుకుమంటూ లోపల ఎర్రాతెల్లా చక్రం తిరిగేది. చక్రం ఆగేదాకా ఉండి నాణెం వెయ్యాలి. తొందరపడి వేస్తే బరువు తప్పు వచ్చేది. టక్కున చిన్న అట్టముక్క పడేది, ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం ఒక వాక్యం, సినిమా తారల బొమ్మ. వాటిని స్టేషన్లలోంచి తీసేస్తున్నారు, తుక్కు ధరకి పోతున్నవి ఉన్నాయి. వాటితో చిక్కల్లా నాణేలే. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 2011 నుంచి వస్తున్నది 22 కూడా లేదు. పాత రూపాయికి అమర్చిన గాడిలో కొత్తది నిలవదు. గాడి మార్చుకోవాలి, లేదా పాత రూపాయలు ఒక సంచి పోగేసుకోవాలి. గడియారాల కొట్టులో పెరిగినవారికి అది ఒక ఆదివారం పని.

ప్రస్తుతానికి ఆ పెద్దాయన పిల్లలకి ఫోన్ చేసి, మా రాష్ట్రంలో చెల్లదు కాబట్టి తీసుకోలేనని చెప్పేయండి. వాళ్లకి కూడా ఆ సంగతి తెలియకపోవచ్చు, ఇంకో న్యూజెర్సీవాడికి అమ్మి ఇబ్బంది పడకుండా ఉంటారు. వార్ ఈగిల్ ఎక్కడైనా తగిలితే, పెట్టె మీదా లోపలి యంత్రం మీదా ఉన్న నంబర్ల ఫొటోలు రెండూ తీసి పంపండి, అడ్వాన్సు ఇవ్వకముందే.